ఒత్తిడి - ఒడలి బరువు

కొల్లేటి సీమలో రాత్రి నాలుగో జాము అందరికీ విశ్రాంతి వేళ కాదు. కైకలూరు పరిసరాలలోని చేపల చెరువుల గట్లమీద ఆ సమయంలో చేతిదీపాలు కదలాడుతూ ఉంటాయి. పగలంతా సూర్యరశ్మి సాయంతో నీటికి ప్రాణవాయువును అందించిన సూక్ష్మ వృక్షజాలం, చీకటి పడగానే తానూ ఆ వాయువునే పీల్చుకుంటుంది. అందువల్ల తెల్లవారే ముందు చెరువు నీటిలో ప్రాణవాయువు అతి తక్కువ స్థాయికి దిగిపోతుంది. పగలు మబ్బు పట్టి ఉన్నట్లయితే ప్రమాదం మరింత హెచ్చు. బొచ్చె, శీలావతి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే గండం దాపురించినట్లే. రైతు పరుగున పోయి కొత్తనీరు పెట్టించాలి, ఏరియేటర్లు తిప్పించాలి. ఆలస్యమైతే ఏడాది కష్టమంతా నీటిపాలవుతుంది.

గండం గడిచినా కథ ముగియదు. ఉక్కిరిబిక్కిరి అయిన చేప వెంటనే మేత ముట్టదు. అటువంటి రాత్రులు పదేపదే వస్తే ఆ చేప ఎదగదు. తేలికగా రోగాల పాలవుతుంది. ఈ సంగతి రైతుకు అనుభవం నేర్పింది. దానికి కారణాన్ని శాస్త్రం వివరించింది. కష్టంలో పడిన చేప మూత్రపిండాల ముందుభాగంలో ఉండే కణజాలం ‘కార్టిసాల్’ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. నిద్ర మాని, అప్పును తలచుకుంటూ గట్టుమీద తిరిగే రైతు రక్తంలో పెరిగేదీ ఆ కార్టిసాలే. నీటిలోని జీవికీ, గట్టుమీది మనిషికీ ఒత్తిడిలో ఊడిగం చేసే పదార్థం ఒక్కటే. అయితే చేప ఎదుగుదల ఆగిపోతుండగా, మనిషి నడుము చుట్టుకొలత మాత్రం తరచుగా పెరుగుతుంది. ఈ వైచిత్రికి కారణమేమిటి?

చిక్కిపోవడమా, లావెక్కడమా?

తెలుగువారి పలుకుబడిలో చింతకూ, కృశించడానికీ విడదీయరాని సంబంధం ఉంది. దిగులుతో చిక్కి సగమయ్యాడని అంటారు. బెంగతో పుల్లలా అయిపోయిందని అంటారు. అశోకవనంలోని సీతను ఆదికవి కృశాంగిగానే దర్శించాడు. శ్రీనాథుని శృంగారనైషధంలోని దమయంతి మొదలుకొని మన కావ్యనాయికలందరూ విరహవేళ చిక్కిపోయినవారే. ఆయుర్వేద గ్రంథమైన చరకసంహిత మరొక అడుగు ముందుకు వేసింది. అందులోని ‘అష్టౌనిందితీయ’మనే అధ్యాయం స్థూలకాయానికి కారణాలను పేర్కొంటూ అతిభోజనం, వ్యాయామరాహిత్యం, పగటినిద్ర, బీజస్వభావం అనే వాటితోపాటు చింత లేకపోవడాన్ని కూడా చేర్చింది. స్థౌల్యాన్ని తగ్గించే ఉపాయాలలో జాగరణను, చింతనను సైతం లెక్కించింది.

నేటి వైద్యులు దీనికి విరుద్ధంగా, చింత వల్ల, నిద్రలేమి వల్ల బరువు పెరుగుతుందని చెబుతున్నారు. ఈ రెండింటిలో ఏది నిజం? లోతుగా పరిశీలిస్తే రెండూ నిజమేనని తెలుస్తుంది. తీవ్రమైన దుఃఖం మీద పడినప్పుడు ఆకలి చచ్చిపోతుంది. ఆ స్థితిలో మనిషి చిక్కిపోతాడు. కానీ మంద్రంగా, ఎడతెగకుండా నెలల తరబడి సాగే ఒత్తిడి స్వభావం వేరు. అది ఆకలిని చంపదు. తరచుగా దాన్ని రెచ్చగొడుతుంది. పూర్వకాలంలో ఆకలి రెచ్చినా అందుబాటులో ఉండే ఆహారం పరిమితం. నేడు అర్ధరాత్రి కూడా చేతికందే దూరంలో తీపి, నూనె వంటకాలు సిద్ధంగా ఉన్నాయి. కాబట్టి చింత మనిషిని ఏ దారి పట్టిస్తుందన్నది ఆ చింత ఎంతకాలం సాగింది, ఎదుట ఉన్న కంచంలో ఏముంది అనే రెండు విషయాలమీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

శాస్త్రం నడచిన దారి

మూత్రపిండాలపై టోపీల వలె అమరి ఉండే రెండు చిన్న గ్రంథులను అధివృక్క గ్రంథులంటారు. 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ ఒక వింత వ్యాధిని వర్ణించాడు. రోగులు నానాటికీ నీరసించి, బరువు కోల్పోయి, చర్మం నల్లబడి మరణించేవారు. వారి దేహాలను పరీక్షించగా అధివృక్క గ్రంథులు దెబ్బతిని ఉన్నాయని తేలింది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్థితిని అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ వర్ణించి, 1932లో సమగ్రంగా ప్రకటించాడు. ఆ రోగులకు ముఖం చంద్రబింబంలా గుండ్రబడుతుంది. పొట్ట, మెడ వెనుకభాగం కొవ్వుతో నిండుతాయి. కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడతాయి. కార్టిసాల్ అతిగా ఉత్పత్తి కావడమే దీనికి కారణం. ఆ హార్మోను లోపిస్తే దేహం కృశిస్తుంది. మితిమీరితే నడిమిభాగం స్థూలిస్తుంది. ఈ రెండు వ్యాధులనూ పక్కపక్కన నిలిపి చూస్తే ఒత్తిడి హార్మోనుకూ, ఒడలి బరువుకూ గల సంబంధం తేటతెల్లమవుతుంది.

ఆపద ఎదురైనప్పుడు ప్రాణి పోరాటానికో, పలాయనానికో సిద్ధమవుతుందని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు. 1936లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో పనిచేస్తున్న హాన్స్ సెల్యే ఎలుకలపై పరిశోధన చేసి, చలి, గాయం, విషం, అతిశ్రమ వంటి బాధలలో ఏది కలిగించినా దేహం ఒకే విధంగా స్పందిస్తుందని గుర్తించాడు. అధివృక్క గ్రంథులు ఉబ్బడం, రోగనిరోధానికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం, జీర్ణాశయంలో పుండ్లు పడడం అతడు చూసిన మూడు లక్షణాలు. హెచ్చరిక, ప్రతిఘటన, అలసట అనే మూడు దశలుగా అతడు దీన్ని విభజించాడు. అధివృక్క గ్రంథుల హార్మోనులను వెలికితీసి, వాటి ప్రభావాన్ని నిరూపించినందుకు కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1950లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ సందర్భంలో కొల్లేటికి కూతవేటు దూరాన ఉన్న భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావును స్మరించుకోవడం సముచితం. కానన్ పనిచేసిన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోనే సుబ్బారావు తన సహచరుడు ఫిస్క్‌తో కలిసి కండరాలలో శక్తి ఏ రూపంలో నిలిచి ఉంటుందో పరిశోధించాడు. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలు వారి కృషి వల్ల వెలుగులోకి వచ్చాయి. దేహానికి ఏటీపీ చేతిలోని రొక్కం వంటిది. కొవ్వు గాదెలో దాచిన ధాన్యం వంటిది. ఒత్తిడి హార్మోనులు గాదె తలుపు తీసి, ఆ ధాన్యాన్ని రొక్కంగా మార్చడానికి సాయపడే గుమస్తాల వంటివి.

దేహంలోని రెండు కెరటాలు

ఆపదను గుర్తించగానే దేహంలో రెండు కెరటాలు లేస్తాయి. మొదటిది అడ్రినలిన్ కెరటం. ఇది క్షణాలలో లేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వడిగా సాగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, ఆకలి మాయమవుతుంది. పరీక్షా మందిరంలో అడుగుపెట్టే విద్యార్థికి నోరు ఎండిపోవడం, ఉదయం తిన్న ఇడ్డెన కడుపులో కదలకుండా ఉన్నట్లు అనిపించడం ఈ కెరటం ఫలితాలే.

రెండవది కార్టిసాల్ కెరటం. మెదడులోని హైపోథలామస్ అనే భాగం పీయూష గ్రంథికి ఆదేశం పంపుతుంది. పీయూష గ్రంథి అధివృక్క గ్రంథులను మేల్కొలుపుతుంది. అప్పుడు కార్టిసాల్ విడుదలై కాలేయం చేత చక్కెరను తయారు చేయించి, రక్తంలోకి పంపుతుంది. రక్తంలో కార్టిసాల్ తగినంత పెరగగానే, ఇక చాలునంటూ మెదడుకు వార్త చేరి, ఉత్పత్తి తగ్గుతుంది. ఆరోగ్యవంతునిలో ఈ హార్మోను తెల్లవారుజామున పెరిగి, మేల్కొన్న కొద్దిసేపటికి ఉచ్ఛస్థితికి చేరి, రాత్రికి అట్టడుగుకు దిగుతుంది. కాబట్టి కార్టిసాల్ శత్రువు కాదు. అది లేకపోతే మనిషి ఉదయం లేచి నిలబడలేడు. ఆపద తీరిన తరువాత కూడా ఆ కెరటం వెనుదిరగకపోవడమే అసలు సమస్య.

ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లినవారు ఈ భేదాన్ని కళ్లారా చూడవచ్చు. ఆకాశంలో డేగ నీడ కనిపించగానే నీటిపక్షులు ఒక్కసారిగా ఎగురుతాయి. డేగ వెళ్లిపోగానే తిరిగి వాలి మేతలో పడతాయి. వాటి ఒత్తిడి ఎగరడంతో ఖర్చయిపోతుంది. మనిషి ఒత్తిడి అటువంటిది కాదు. వాయిదా కట్టవలసిన అప్పు, రానున్న ప్రవేశపరీక్ష, ఇంటి కలహం అనేవి పరుగెత్తితే తప్పించుకోగలిగే డేగలు కావు. దేహం పరుగు కోసం చక్కెరను సిద్ధం చేస్తుంది. మనిషి మాత్రం కుర్చీలో కూర్చునే ఉంటాడు.

బరువు పెరిగే మార్గాలు

దీర్ఘకాలిక ఒత్తిడి అనేక మార్గాలలో బరువును పెంచుతుంది. మొదటిది ఆకలి. కార్టిసాల్ హెచ్చుగా ఉన్నప్పుడు తీపి, నూనె, కొవ్వు పదార్థాలమీద కోరిక పెరుగుతుంది. అవి మెదడుకు తాత్కాలికమైన ఊరట కలిగిస్తాయి. అందువల్ల కష్టం కలిగినప్పుడల్లా చేయి మిఠాయి పొట్లం వైపు పోవడం అలవాటవుతుంది. రెండవది చక్కెర నిర్వహణ. రక్తంలో చక్కెర తరచుగా పెరిగితే దాన్ని అదుపు చేయడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవించాలి. ఇన్సులిన్ కొవ్వు నిల్వకు తోడ్పడుతుంది. మూడవది కొవ్వు చేరే చోటు. ఉదరంలో అవయవాల చుట్టూ ఉండే కొవ్వు కణాలు కార్టిసాల్‌కు ఎక్కువగా స్పందిస్తాయి. కనుక ఒత్తిడివల్ల వచ్చే లావు పొట్టమీదనే ముందు కనిపిస్తుంది. నాలుగవది కండరాల క్షయం. కార్టిసాల్ కండరాలలోని మాంసకృత్తులను కరిగించి చక్కెరగా మార్పిస్తుంది. కండ తగ్గితే విశ్రాంతి వేళ దేహం ఖర్చుచేసే శక్తి కూడా కొంత తగ్గుతుంది.

అయిదవది, విద్యార్థులు తప్పక గమనించవలసినది, నిద్ర. 2004లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు పన్నెండుమంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులపాటు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. తృప్తిని తెలిపే లెప్టిన్ అనే హార్మోను వారిలో 18 శాతం తగ్గింది. ఆకలిని తెలిపే ఘ్రెలిన్ అనే హార్మోను 28 శాతం పెరిగింది. ఇది చిన్న ప్రయోగమే అయినా, నిద్ర చాలని మరునాడు ఆకలి ఎందుకు విజృంభిస్తుందో సూచించింది.

లండన్‌లోని పదివేలకు పైగా ప్రభుత్వోద్యోగులను పద్నాలుగేళ్లపాటు గమనించిన పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఉద్యోగంలో దీర్ఘకాలం ఒత్తిడికి గురైనవారికి పెద్దపొట్ట, రక్తపోటు, చక్కెర, కొవ్వుల అస్తవ్యస్తత కలగలిసి వచ్చే అవకాశం ఇతరులకంటె రెట్టింపుకు పైగా ఉన్నట్లు తేలింది. ఆ ఉద్యోగులలోనే సన్నగా ఉన్న పురుషులు కొందరు ఒత్తిడితో మరింత సన్నబడగా, లావుగా ఉన్నవారు మరింత లావెక్కడం కూడా కనిపించింది. అశోకవనంలోని సీతకూ, నేటి ఉద్యోగికీ మధ్య గల వైరుధ్యం ఇలా ఒకే పరిశోధనలో సమన్వయం పొందింది.

భారతీయులకు ఈ విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. పుణే వైద్యుడు యాజ్ఞిక్, ఆంగ్ల వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి కొలతలనూ ప్రకటించారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే సూచిక ఇద్దరికీ 22.3గా సమానంగానే ఉంది. కానీ ఆంగ్లేయుని దేహంలో కొవ్వు 9.1 శాతం కాగా, భారతీయుని దేహంలో 21.2 శాతం. తూనికలో కనబడని కొవ్వు పొట్టలో దాగి ఉండవచ్చన్నమాట. అందుకే మన దేశంలో వయోజనులైన పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదని వైద్యులు హద్దు నిర్ణయించారు.

చెరువుగట్టు - చదువుగది

కొల్లేటి ప్రాంతపు జీవనం అరవై డెబ్బయి ఏళ్లలో ఎంతో మారింది. ఒకనాడు పడవ నడపడం, వల విసరడం, వరికోత కోయడం ఇక్కడివారి నిత్యకృత్యాలు. చింత ఉన్నా దాన్ని ఖర్చు చేసే శ్రమ దానివెంటే ఉండేది. తరువాత చేపల చెరువులు విస్తరించాయి. 1999లో సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల పట్టికలో కొల్లేరు చేరింది. 2006లో అభయారణ్య పరిధిలోని చెరువుగట్లను తొలగించారు. సరస్సు బ్రతకడానికి తలపెట్టిన ఆ చర్య అనేక కుటుంబాల జీవనోపాధిని ప్రశ్నార్థకం చేసింది. మేత ధర, చేప ధర, వ్యాధుల భయం, రాత్రికాపలా నేటి రైతుకు నిత్యచింతలు. శ్రమ యంత్రాల పాలయింది. చింత మాత్రం మనిషికే మిగిలింది. రాత్రి నిద్ర మేలుకోవడానికి తీపి తేనీరు, దానితో పాటు బజ్జీ, బిస్కత్తు తోడవుతాయి. ఇలా ఒత్తిడి, జాగరణ, తీపి, కదలిక లేమి అనే నాలుగూ ఒకేచోట కూడుతున్నాయి.

ఆ రైతు బిడ్డ కథ కూడా ఇంతకంటె భిన్నం కాదు. తెల్లవారకముందే మొదలై రాత్రి పొద్దుపోయేవరకు సాగే తరగతులు, వారంవారం పరీక్షలు, గోడకు అంటించిన మార్కుల పట్టికలు, ఆటస్థలం లేని కళాశాలలు ఆ బిడ్డ దినచర్యను నిర్ణయిస్తున్నాయి. రెండేళ్లలో బరువు పెరిగిన విద్యార్థిని చూసి తోటివారు ఎగతాళి చేస్తారు. బంధువులు తిండిపోతని అంటారు. ఆ అవమానం మరొక ఒత్తిడిగా మారి, ఆ ఒత్తిడి మళ్లీ తిండివైపే నెడుతుంది. బరువు పెరగడం నడవడిలోని దోషం కాదు. వంశలక్షణం, ఆహారం, కదలిక, నిద్ర, ఒత్తిడి అనే అనేక కారణాలు కలిసి నేసిన ఫలితం అది. ఇందులో ఒత్తిడి ఒక పోగు మాత్రమే. కాని మిగిలిన పోగులన్నింటినీ లాగగల పోగు.

సహజమైన ఉపాయాలు

ఒత్తిడిని పూర్తిగా తొలగించడం ఎవరి తరమూ కాదు. కెరటం లేచిన తరువాత అది తిరిగి తీరం చేరేటట్లు చూసుకోవడం సాధ్యమే.

వీటిలో నిద్ర అన్నింటికంటె ముందు నిలుస్తుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వారికి రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రావైద్య నిపుణులు నిర్ణయించారు. పడుకునే ముందు చరవాణి వెలుగును కళ్లకు దూరం చేయాలి. కాఫీ, టీలలోని కెఫీన్‌లో సగభాగం దాదాపు అయిదు గంటల తరువాత కూడా దేహంలో మిగిలే ఉంటుంది కనుక, సాయంకాలం తరువాత వాటిని మానడం మేలు. రాత్రి కాపలా తప్పని కుటుంబాలు వంతులు వేసుకుంటే ఒక్కరిమీదనే భారం పడదు.

రెండవది కదలిక. పదిహేడేళ్ల లోపు వారికి రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కైకలూరులో దీనికి ప్రత్యేకమైన వ్యాయామశాలే కావాలని లేదు. సైకిలు తొక్కడం, కాలువగట్టున వేగంగా నడవడం, కబడ్డీ ఆడడం చాలును. దేహం పరుగు కోసం సిద్ధం చేసిన చక్కెర పరుగులోనే ఖర్చయిపోతుంది.

మూడవది ఊపిరి. నిమిషానికి ఆరేడు సార్లు మాత్రమే నిదానంగా శ్వాసిస్తూ, లోనికి తీసుకునే ఊపిరికంటె విడిచే ఊపిరిని దీర్ఘం చేస్తే గుండె వేగం తగ్గి మనస్సు కుదుటపడుతుంది. మన పెద్దలు ప్రాణాయామమని ఆచరించిన దానిలోని సులభమైన మెట్టు ఇది. దీనికి అయిదు నిమిషాల సమయం చాలు.

నాలుగవది ఆహారం. భోజనం మానడం పరిష్కారం కాదు. కఠినోపవాసాన్ని దేహం మరొక ఆపదగా భావించవచ్చు. ఆ తరువాత ఆకలి విరుచుకుపడుతుంది. వేళకు తినడం, కంచంలో అన్నం కొంత తగ్గించి పప్పు, ఆకుకూర, చేపల పులుసు పెంచడం, తీపి పానీయానికి బదులు మజ్జిగ తాగడం మంచిది. చేపలకు నెలవైన సీమలో ఉంటూ వేయించిన చిరుతిండ్లతో కడుపు నింపుకోవడం పెరట్లో బావి ఉండగా దాహంతో అలమటించడం వంటిది.

అయిదవది తోడు. మనసులోని మాట చెప్పుకోగల మనిషి ఉండడం గొప్ప ఔషధం. చెప్పుకోవడానికి ఎవరూ లేరనిపించినప్పుడు, 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అనే సంఖ్యపై ఉచితంగా ఫోను చేయవచ్చు. సాయం కోరడం బలహీనత కాదు.

కొన్ని హెచ్చరికలు కూడా అవసరం. కార్టిసాల్‌ను కరిగించి పొట్ట తగ్గిస్తామనే పొడులను, పానీయాలను నమ్మరాదు. అశ్వగంధ వంటి మూలికలపై కొన్ని చిన్న పరిశోధనలు ఆశాజనకంగా ఉన్నప్పటికీ, వైద్యుని సలహా లేకుండా వాటిని దీర్ఘకాలం వాడడం కాలేయానికి చేటు తేవచ్చు. నొప్పులకు స్టెరాయిడ్ మాత్రలను సొంతంగా వాడేవారిలో ముఖం ఉబ్బి పొట్ట పెరగడానికి ఆ మందులే కారణం కావచ్చు. అవి కార్టిసాల్ వలెనే పనిచేస్తాయి. ఎక్కువకాలం వాడినవారు వాటిని హఠాత్తుగా మానడం ప్రాణాపాయం. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి. కారణం తెలియకుండా బరువు వేగంగా పెరిగినా, తగ్గినా పరీక్ష చేయించుకోవాలి.

నీటిని బాగుచేయాలి

తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిచినప్పుడు ఏ రైతూ చేపను నిందించడు. సోమరివని తిట్టడు, పక్క చెరువు చేపతో పోల్చడు. నీటిలో ఏమి లోపించిందో చూస్తాడు. ప్రాణవాయువు అందేటట్లు చేస్తాడు. చేపలు మరీ కిక్కిరిసి ఉంటే కొన్నింటిని వేరే చెరువులోకి మారుస్తాడు. నీరు బాగుపడితే చేప తనంతట తానే మేతకు వస్తుందని అతనికి తెలుసు.

మనుషుల విషయంలో ఈ వివేకం తరచుగా లోపిస్తుంది. ఒత్తిడితో లావెక్కిన పిల్లవాణ్ణి నిందిస్తారు. అతడు ఈదుతున్న నీటిని మాత్రం పరిశీలించరు. నిద్రకు వేళ, ఆటకు స్థలం, తప్పుకు మన్నింపు, మాటకు తోడు అనేవి మనిషికి కావలసిన ప్రాణవాయువులు. వీటిలో కొన్నింటిని విద్యార్థి తనకు తానే సమకూర్చుకోగలడు. మిగిలినవాటిని ఇల్లు, కళాశాల, సమాజం సమకూర్చాలి. చెరువులోని చేపకు చూపే పాటి శ్రద్ధను ఇంట్లోని బిడ్డకు, గట్టుమీది తండ్రికి కూడా చూపగలిగిననాడు, ఒడలి బరువుతోపాటు మనసు బరువు కూడా తగ్గుతుంది.